సఫారీలో కనిపించింది పులి పిల్లా.. అరుదైన అడవి పిల్లా? గుర్తుపట్టేదెలా? వీడియో తీసేముందు ఇవి తెలుసుకోండి

సాయంత్రం సఫారీ ముగిసే టైమ్. జీపు గేటు వైపు తిరిగింది. దారి పక్కన ఎండుటాకుల్లో ఏదో కదిలింది. పిల్లి కూన సైజు, ఒంటి మీద మచ్చలు. ఎవరో ఒకరు "పులి పిల్ల" అంటారు, అందరి చేతుల్లోకీ ఫోన్లు వస్తాయి. గంట తిరక్కముందే ఆ వీడియో వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది.

కానీ అది పులి పిల్ల కాకపోవచ్చు. నిండుగా పెరిగిన, ప్రపంచంలోనే అతి చిన్న పిల్లి జాతుల్లో ఒకటి కావొచ్చు. ఇంకో సంగతి.. ఇలాంటి చిన్న పిల్లులు సఫారీ రోడ్డు మీద కంటే పత్తి చేలో, మక్క చేలో, రాతి గుట్ట దగ్గర మనుషులకు ఎదురయ్యే అవకాశమే ఎక్కువ. అందుకే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వాళ్లు టికెట్ కొని అడవికి వెళ్లినా, వెళ్లకపోయినా ఈ వివరాలు తెలిసి ఉండటం మంచిది. చూసినవాళ్లు మొదటి పది నిమిషాల్లో ఏం చేస్తారన్న దాని మీదే ఆ జంతువు బతుకు ఆధారపడి ఉంటుంది.

ఏంటీ రస్టీ స్పాటెడ్ క్యాట్?

తుప్పు రంగు మచ్చలు ఉంటాయి కాబట్టి దీనికి రస్టీ స్పాటెడ్ క్యాట్ అని పేరు. తెలుగులో తుప్పు మచ్చల పిల్లి అనొచ్చు. తల నుంచి ఒంటి చివరి దాకా 35 నుంచి 48 సెంటీమీటర్లు, తోక ఇంకో 15 నుంచి 30 సెంటీమీటర్లు. బరువు 900 గ్రాముల నుంచి 1.6 కిలోల వరకే. మన ఇళ్లలో తిరిగే మామూలు పిల్లి మూడు, నాలుగు కిలోలు తూగుతుంది. అంటే ఈ అడవి పిల్లి అందులో సగం కూడా ఉండదు.

ప్రపంచం మొత్తంలో ఇది ఉండేది మూడు దేశాల్లోనే.. భారత్, శ్రీలంక, నేపాల్. 1831లో ఫ్రాన్స్ జంతు శాస్త్రవేత్త ఇసిడోర్ జెఫ్రోయ్ సెయింట్ హిలేర్ దీన్ని మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించారు. ఆయన చూసిన నమూనా మన దక్షిణాదిలోని పుదుచ్చేరి నుంచి వెళ్లిందే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2016లో దీన్ని ముప్పు అంచున ఉన్న జాతుల లిస్టులో చేర్చింది.

తెలంగాణను ఆనుకుని ఉన్న మహారాష్ట్రలోని తాడోబా టైగర్ రిజర్వ్‌లో, అటు తూర్పు కనుమల అడవుల్లో ఇది ఉన్నట్టు రికార్డులు ఉన్నాయి. ఇది తిరిగేది రాత్రిపూట. పగలు చెట్టు తొర్రలోనో, బండల సందులోనో పడుకుంటుంది. చెట్లు ఎక్కడంలో దిట్ట. ఎలుకలు, బల్లులు, కప్పలు, చిన్న పక్షులు దీని తిండి. పొద్దున, సాయంత్రం నడిచే సఫారీలో ఇది కనిపించడం ఎందుకంత అరుదో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. జీపులు తిరిగే టైమ్‌లో అది నిద్రలో ఉంటుంది. చీకటి పడే ముందు, తెల్లవారే ముందు ఉండే కాసేపు మాత్రమే ఛాన్స్.

ఏది ఏ పిల్లి? ఇలా గుర్తుపట్టండి

దూరం నుంచి చూస్తే అన్నీ ఒకేలా అనిపిస్తాయి. ఈ తేడాలు గుర్తుంటే చాలావరకు పొరపాటు పడరు.

తుప్పు మచ్చల పిల్లి: బూడిద రంగు ఒళ్లు, దాని మీద తుప్పు రంగులో చిన్న చిన్న చుక్కలు వరసగా ఉంటాయి. కళ్ల మీదుగా నుదుటి పైకి నల్లటి గీతలు వెళ్తాయి. కడుపు కింద తెలుపు. తోక మీద చుక్కలు పెద్దగా కనిపించవు. చెవులు చిన్నవి, కొనలు గుండ్రంగా ఉంటాయి.

అడవి పిల్లి: ఇంగ్లిష్‌లో జంగిల్ క్యాట్ అంటారు. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇంటి పిల్లి కంటే పెద్దది, కాళ్లు పొడుగు. ఒళ్లంతా మట్టి రంగు, మచ్చలుండవు. చెవుల కొసన నల్లటి వెంట్రుకల కుచ్చు, పొట్టి తోక, తోక చివర నల్లటి వలయాలు.. ఇవే దీని గుర్తులు. పొదలు, గడ్డి భూములు, చెరువు గట్లు, పొలాలు దీని అడ్డాలు.

చిరుత పిల్ల: మచ్చలు చుక్కల్లా కాకుండా గుత్తులుగా, పువ్వు ఆకారంలో ఉంటాయి. ఒంటికి మించి లావైన పాదాలు, పొడవైన తోక. చిరుత పిల్ల కనిపించిందంటే తల్లి దగ్గర్లోనే ఉందని అనుకోవాలి. అక్కడ ఒక్క క్షణం కూడా ఆగొద్దు.

పునుగు పిల్లి: పేరులో పిల్లి ఉన్నా ఇది పిల్లి జాతి కాదు. మూతి కోసుగా, ఒళ్లు పొడవుగా, కాళ్లు పొట్టిగా ఉంటాయి.

నీటి పిల్లి: ఫిషింగ్ క్యాట్ అంటారు. నీళ్లలో దిగి చేపలు పడుతుంది. మన తెలుగు నేల మీద దీనికి పేరున్న చోటు కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులు.

పాదముద్ర కూడా చాలా చెబుతుంది. పిల్లి జాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. కాబట్టి మట్టిలో గోటి గుర్తు పడదు. గోళ్ల గుర్తులు ఉన్నాయంటే అది కుక్క, నక్క, తోడేలు లేదా హైనా అడుగు అయ్యే అవకాశమే ఎక్కువ. పెద్దపులి అడుగు మనిషి అరచేయంత ఉంటుంది. చిరుతది అంతకంటే బాగా చిన్నది. అడవి పిల్లి అడుగు రెండు, మూడు వేళ్ల వెడల్పు మించదు. అడుగు పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటో తీస్తే సైజు తెలిసిపోతుంది.

మియాపూర్‌లో ఏం జరిగింది?

2024 అక్టోబర్‌లో హైదరాబాద్ మియాపూర్ మెట్రో స్టేషన్ దగ్గర చిరుత తిరుగుతోందంటూ ఒక వీడియో వైరల్ అయింది. చుట్టుపక్కల కాలనీల జనం ఇళ్లలోంచి బయటికి రావడానికే భయపడ్డారు. అటవీ సిబ్బంది వచ్చి పాదముద్రలు చూశారు. చివరికి తేల్చింది ఏంటంటే.. అది చిరుత కాదు, అడవి పిల్లి.

అలాగని ప్రతి వీడియో ఉత్తదే అనుకోవడానికీ లేదు. అదే ఏడాది ఏప్రిల్ చివర్లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు ప్రహరీ దగ్గర కనిపించింది నిజమైన చిరుతే. మేకను ఎరగా పెట్టి బోన్లు అమర్చితే మే మొదట్లో చిక్కింది. ఆ తర్వాత దాన్ని నల్లమల అడవికి తరలించారు.

రెండు ఘటనల్లోనూ విషయం తేల్చింది ఫోన్ వీడియో కాదు. నేల మీది గుర్తులు, కెమెరా ట్రాప్ ఫొటోలు. జూమ్ చేసి తీసిన వీడియోలో పక్కన కొలత ఏదీ లేకపోతే నాలుగు కిలోల పిల్లి కూడా నలభై కిలోల చిరుతలా కనిపిస్తుంది. వీడియో తీయాల్సి వస్తే జూమ్‌తో పాటు ఒకసారి వెడల్పుగా కూడా తీయండి. పక్కన ఉన్న కరెంటు స్తంభమో, కంచె రాయో ఫ్రేమ్‌లో ఉంటే అధికారులకు జంతువు సైజు అంచనా వేయడం ఈజీ.

మూడు జిల్లాలు.. మూడు రకాల నేల

భూపాలపల్లి: మహదేవపూర్, పలిమెల, మహాముత్తారం, కాటారం వైపు దట్టమైన అడవి ఉంది. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. నదికి అవతల మహారాష్ట్ర సిరోంచ, ఇంకాస్త ముందుకెళ్తే ఛత్తీస్‌గఢ్ ఇంద్రావతి టైగర్ రిజర్వ్. నీళ్లు తగ్గినప్పుడు జంతువులు నది దాటి ఇటు వస్తాయి. పెద్దపులి వచ్చినప్పుడల్లా వార్త అవుతుంది. అదే దారిలో తిరిగే చిన్న పిల్లులు ఎవరి కంటా పడవు.

భూపాలపల్లి పేరు చెప్తే చాలామందికి ఏటూరునాగారం అభయారణ్యం గుర్తొస్తుంది. 800 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ అడవి, తాడ్వాయి, మేడారం సహా 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లాలో ఉంది. జిల్లా గీత మారింది కానీ అడవి మాత్రం ఒకటే.

మహబూబాబాద్: కొత్తగూడ, గంగారం, గూడూరు, బయ్యారం మండలాల్లో అడవి, పోడు భూములు, గూడేలు కలిసే ఉంటాయి. పాకాల అభయారణ్యం విస్తీర్ణం సుమారు 860 చదరపు కిలోమీటర్లు, అది ఇటు వైపు కూడా పరుచుకుని ఉంది. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో తవ్వించిన పాకాల చెరువు ఈ అడవికి నీటి ఆధారం. 2024 డిసెంబర్‌లో ములుగు, వరంగల్ జిల్లాల్లో పెద్దపులి తిరిగినప్పుడు ఈ చుట్టుపక్కల మండలాలు కూడా అలర్ట్ అయ్యాయి.

జనగామ: ఇక్కడ పెద్ద అడవి లేదు, సఫారీ లేదు. వానలు తక్కువ పడే చెల్కలు, రాతి గుట్టలు, తుమ్మ పొదలు, చెరువు గట్లే ఎక్కువ. కానీ అడవి పిల్లికి సరిగ్గా కావాల్సింది ఇదే. ఎలుకలున్న పొలం, పగలు దాక్కోవడానికి పొద, తాగడానికి కుంట ఉంటే చాలు. మహారాష్ట్ర పశ్చిమ ప్రాంతంలో తుప్పు మచ్చల పిల్లులు కూడా పొలాల మధ్యే పిల్లల్ని పెట్టి పెంచుతున్నట్టు నమోదైంది. "మా దగ్గర అడవే లేదు కదా, అడవి పిల్లి ఎక్కడిది" అనే మాట అందుకే నిలబడదు.

సఫారీకి వెళ్లాలంటే ఎక్కడికి?

ఈ మూడు జిల్లాల వాళ్లు టైగర్ రిజర్వ్ సఫారీ చూడాలంటే రాష్ట్రంలో రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి మంచిర్యాల జిల్లా జన్నారం నుంచి కవ్వాల్. 2012లో ఇది టైగర్ రిజర్వ్ అయింది. రెండోది హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు మీద మన్ననూర్ దాటాక ఫర్హాబాద్ గేట్ నుంచి అమ్రాబాద్. దీని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. వానాకాలంలో, అంటే జులై నుంచి సెప్టెంబర్ దాకా టైగర్ రిజర్వ్ లోపలి భాగాల్లో సఫారీలు ఆపేస్తారు. బయల్దేరే ముందు కనుక్కుని వెళ్లండి.

చిన్న పిల్లి కనిపించాలంటే కొన్ని పద్ధతులు ఉన్నాయి.

మొదటి ట్రిప్ లేదా చివరి ట్రిప్ తీసుకోండి. మధ్యాహ్నం ఎండలో చూసినా ప్రయోజనం లేదు.

దూరంగా చూడటం మాని దారి పక్కన పది, పదిహేను అడుగుల లోపల చూడండి. పడిపోయిన మొద్దులు, బండల నీడ, చెట్టు కొమ్మ మొదలు.. అక్కడే ఉంటాయి.

చప్పుడు వినండి. ఉడుతలు, పక్షులు ఒక్కసారిగా గోల చేస్తే దగ్గర్లో ఏదో వేటాడే జంతువు ఉన్నట్టు.

ఖాకీ, ఆకుపచ్చ, గోధుమ రంగు బట్టలు వేసుకోండి. సెంట్ కొట్టుకుని వెళ్లొద్దు.

పులి కోసం డ్రైవర్‌ను తొందర పెట్టకండి. జీపు స్పీడ్ పెరిగిందంటే చిన్న జంతువులన్నీ మాయం.

ఇంకో మాట. చీకట్లో టార్చ్ వేస్తే పిల్లి కళ్లు మెరుస్తాయి. కంటి వెనక ఉండే అద్దం లాంటి పొర వెలుగును తిప్పి కొట్టడం వల్ల అలా జరుగుతుంది. తక్కువ వెలుగులోనూ చూడటానికి దానికి సాయపడేది కూడా ఆ పొరే. అలాంటి కళ్లలోకి ఫ్లాష్ కొడితే కాసేపు ఏమీ కనిపించదు. ఆ కాసేపట్లో అది వేట పోగొట్టుకోవచ్చు, బండి కింద పడొచ్చు. ఫ్లాష్ ఆఫ్ చేసుకోండి. అభయారణ్యంలో జంతువులను రెచ్చగొట్టడం, చెత్త వేయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

వీడియో పెట్టండి.. లొకేషన్ పెట్టకండి

సఫారీలో అరుదైన జంతువు కనిపిస్తే షేర్ చేయాలనిపించడం సహజం. తప్పేమీ కాదు. కానీ ఫొటోలో ఫోన్ దానంతటదే లొకేషన్ సేవ్ చేస్తుంది. ఒరిజినల్ ఫైల్ పంపితే ఆ వివరం కూడా దాంతో పాటే వెళ్తుంది. "ఫలానా కుంట దగ్గర, ఫలానా గుట్ట కింద" అని క్యాప్షన్ రాస్తే మ్యాప్ ఇచ్చినట్టే. తర్వాతి రోజు అక్కడికి చూడ్డానికి వచ్చేవాళ్లతో పాటు ఉచ్చు పట్టుకుని వచ్చేవాడు కూడా ఉండొచ్చు.

కాబట్టి కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆఫ్ చేసుకోండి. పోస్ట్‌లో జిల్లా పేరు లేదా అడవి పేరు వరకే రాయండి. వెంటనే పెట్టకుండా కొన్ని రోజులు ఆగండి. కచ్చితమైన చోటు, టైమ్, ఒరిజినల్ ఫైల్ మాత్రం అటవీ శాఖకు ఇవ్వండి. పులుల లెక్క కోసం పెట్టే కెమెరాల్లో కూడా చిన్న పిల్లులు అప్పుడప్పుడే పడతాయి. అందుకే మీరిచ్చే ఒక్క ఫొటో, తేదీతో సహా, రికార్డు అవుతుంది.

పొలంలో కూనలు దొరికితే ఏం చేయాలి?

అసలు ప్రమాదం ఇక్కడే. వరి కోత మిషన్ దిగినప్పుడు, మక్క చేను కొట్టేటప్పుడు గడ్డిలో రెండు, మూడు కూనలు బయటపడతాయి. తల్లి కనిపించదు. పాపం అనాథలు అని ఇంటికి తీసుకెళ్తారు, పాలు పడతారు, వీడియో తీస్తారు. నిజానికి తల్లి అక్కడే పక్క చేలో దాక్కుని ఉంటుంది. మనుషుల అలికిడి తగ్గాక వస్తుంది. కూనలు లేకపోతే వెతుక్కుంటుంది.

మహారాష్ట్రలో చెరకు కోతల సీజన్‌లో ఇలాంటివి ఎన్నో జరుగుతాయి. అక్కడ అటవీ శాఖ, వన్యప్రాణి సంస్థలు కలిసి ఒక పద్ధతి పాటిస్తున్నాయి. కూనలను పశువైద్యుడితో చూపించి, సాయంత్రం అదే పొలంలో, దొరికిన చోటే డబ్బాలో పెడతారు. దూరంగా కెమెరా అమర్చి తప్పుకుంటారు. రాత్రి తల్లి వచ్చి ఒక్కో కూనను నోట కరుచుకుని తీసుకెళ్తుంది. చిరుత పిల్లల విషయంలో, తుప్పు మచ్చల పిల్లి కూనల విషయంలో కూడా ఇది ఫలించింది.

మీ పొలంలో దొరికితే చేయాల్సింది కూడా అదే. ఆ మూలన పని ఆపండి. ఆ కాస్త చేను రేపటికి వదిలేయండి. కుక్కలను కట్టేయండి. కూనలను ముట్టుకోవద్దు, ఆవు పాలు పట్టొద్దు. బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి. నంబర్ లేకపోతే 112కు కాల్ చేసి అటవీ శాఖకు చెప్పమనండి. అడవి పక్కన పొలం ఉన్న ప్రతి రైతు ఫోన్‌లో బీట్ ఆఫీసర్ నంబర్ ముందే సేవ్ అయి ఉండటం మంచిది.

చట్టం ఏం చెప్తోంది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తుప్పు మచ్చల పిల్లి మొదటి షెడ్యూల్‌లో ఉంది. అంటే పెద్దపులి, చిరుతలకు ఉన్న రక్షణే ఒకటిన్నర కిలోల ఈ పిల్లికీ ఉంది. మొదటి షెడ్యూల్ జంతువును వేటాడితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా కనీసం 25 వేల రూపాయలు.

చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, విషం పెట్టడం, అలా చేయడానికి ప్రయత్నించడం కూడా వేటే. "పెంచుకుందామని తెచ్చుకున్నా" అన్నా కేసు తప్పకపోవచ్చు.

ఉచ్చు, కరెంటు తీగ.. వీటికి కళ్లు లేవు

పంటను పాడు చేస్తున్నాయని, మాంసం కోసమని అడవి పందుల దారిలో ఉచ్చులు పెడతారు, కరెంటు తీగలు లాగుతారు. ఆ తీగకు పంది, పిల్లి, మనిషి తేడా తెలియదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం మండలం నస్తూర్‌పల్లి అడవిలో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ కమాండో ఒకరు జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి ప్రాణాలు కోల్పోయారు. శిక్షణ తీసుకున్న జవాన్‌కే తప్పించుకునే వీలు లేకపోయింది.

ఇక కోళ్ల గొడవ. అడవి పిల్లి కోడిని ఎత్తుకెళ్తుంది, నిజమే. కోపంతో విషం పెడితే అది తిని ఊరి కుక్కలు కూడా చస్తాయి. దానికంటే చీకటి పడకముందే కోళ్లను గూట్లో వేసి, గూటికి సందుల్లేకుండా సన్న జాలీ కొట్టించుకోవడం నయం. ఇంకో లెక్క కూడా ఉంది. ఆ పిల్లి ప్రధానంగా తినేది ఎలుకలనే. వడ్ల కుప్ప దగ్గర, గట్టు బొరియల్లో రాత్రంతా కాపలా కాసేది అదే. దానికి ఎవరూ కూలి ఇవ్వరు.

జనం అడిగే ప్రశ్నలు

ఈ చిన్న పిల్లులు మనిషి మీద పడతాయా?
పడవు. మనిషి అలికిడికే పారిపోతాయి. పట్టుకోబోతే మాత్రం కరుస్తాయి, గీరుతాయి. అలా జరిగితే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి.

రోడ్డు మీద బండి తగిలి పడి ఉంటే?
జనగామ, ములుగు మీదుగా వెళ్లే 163 నంబర్ జాతీయ రహదారి లాంటి రోడ్ల మీద రాత్రిళ్లు అడ్డొచ్చే చిన్న జంతువులు డ్రైవర్లకు కనిపించవు. దెబ్బ తగిలి పడి ఉంటే చేత్తో ఎత్తొద్దు. బండి పక్కకు ఆపి, ఇండికేటర్ వేసి, అటవీ శాఖకు ఫోన్ చేయండి. చనిపోయినా సరే ఫొటో తీసి చెప్పండి. ఆ జాతి అక్కడ ఉందనడానికి అదొక ఆధారం.

ఊళ్లోకి చిరుత వచ్చిందని మెసేజ్ వస్తే?
ఫార్వర్డ్ చేసే ముందు మూడు ప్రశ్నలు అడగండి. వీడియో ఎవరు తీశారు? ఎప్పుడు తీశారు? పాదముద్ర ఫొటో ఉందా? జవాబు లేకపోతే ఆ మెసేజ్‌ను మీ దగ్గరే ఆపి, బీట్ ఆఫీసర్‌కు మాత్రం ఫోన్ చేయండి. అది నిజంగా చిరుతే అయితే జాగ్రత్తలు వాళ్లే చెప్తారు. పిల్లి అయితే.. కట్టెలు పట్టుకుని జనం వెంటపడకముందే దాని దారిన అది వెళ్లిపోతుంది.